సినిమా కోసం కదిలిన పోలీసులు మా పాట కోసం ఎందుకు కదలరు? మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర సినిమాటోగ్రఫీ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నల్లగొండ, పాలమూరు పల్లెల్లో జానపద పాటలు రాసి, పాడి, షూట్ చేసి యూట్యూబ్‌లో పెట్టుకుని బతికే చిన్న బృందం మాది. మా పాటను వేరేవాళ్లు ఎత్తుకుపోయి తమ ఛానెళ్లలో పెట్టుకున్నారని ఠాణాలో ఇచ్చిన ఫిర్యాదుకు రశీదు ఇవ్వలేదు. ప్రజావాణిలో పెట్టుకున్న అర్జీ తిరిగి అదే ఠాణాకు వెళ్లి అక్కడే ఆగిపోయింది. పోస్టులో పంపిన వాటికి జవాబు రాలేదు. అందరి ముందూ అడగడం తప్ప ఇంకో దారి కనబడక ఈ ఉత్తరం రాస్తున్నాం.

2025 నవంబర్‌లో, కొత్త సినిమాలను దొంగతనంగా ఉచితంగా చూపించే ఐబొమ్మ వెబ్‌సైట్ నడిపిస్తున్నాడంటూ ఒక వ్యక్తిని హైదరాబాద్ సైబర్ క్రైమ్ పోలీసులు అరెస్టు చేసినప్పుడు ఆ వారమంతా మేం టీవీ ముందు నుంచి లేవలేదు. పెద్ద హీరోలు, దర్శకులు వెళ్లి కమిషనర్ గారికి కృతజ్ఞతలు చెప్పారు. అంతకు కొన్ని వారాల ముందు ఇంకో ముఠాను పట్టుకున్నప్పుడు, 2024లో తెలుగు సినిమాకు పైరసీ వల్ల 3,700 కోట్ల నష్టం జరిగిందని పోలీసులు చెప్పారు. ఆ లెక్క ప్రతి పేపర్లో వచ్చింది. మేం అసూయపడలేదు సార్, నిజంగా సంతోషించాం. సర్వర్లు ఎక్కడో విదేశాల్లో పెట్టుకున్న వాళ్లనే పట్టుకోగలిగారంటే, మన జిల్లాల్లోనే కూర్చుని మా పాట ఎత్తుకుపోయిన వాళ్లను పట్టుకోవడం ఎంతసేపని అనుకున్నాం. ఆ ధైర్యంతోనే మళ్లీ ఠాణాకు వెళ్లాం. మాకు దొరికిన జవాబు ఒక్కటే: “ఇది సివిల్ మ్యాటర్, కోర్టుకు పోండి.”

మా పాట సంగతి కొంచెం వివరంగా చెప్పనివ్వండి. బొంబాయికి వలసపోయిన మనిషి కోసం ఎదురుచూసే ఇల్లాలి పాట అది. పల్లవి మా ఊళ్లో నాట్లు వేసేటప్పుడు పాడుకునేదే, చరణాలు మా వాళ్లు రాశారు. హైదరాబాద్‌లో స్టూడియో అద్దె, డోలక్ వాయించిన వాళ్లకు, కీబోర్డు చేసిన వాళ్లకు డబ్బులు, కెమెరా, డ్రోన్, ఎడిటింగ్, డాన్సర్ల చీరలు, సోమశిలలో షూటింగ్‌కు బండి కిరాయి, అందరికీ తిండి. అన్నీ కలిపితే లక్ష దాటింది. అందులో సగం రెండు రూపాయల వడ్డీకి తెచ్చిందే.

పాట నడిచింది. పెళ్లి బరాత్‌లలో మోగింది. దాంతోపాటే వేరే ఛానెళ్లలోనూ కనబడడం మొదలైంది. ఒకరు మా వీడియోను కుడి ఎడమలు తిప్పి పెట్టారు. ఇంకొకరు గొంతును కాస్త సన్నం చేసి పెట్టారు. యూట్యూబ్ దానంతటది దొంగ కాపీలను గుర్తుపట్టే కంటెంట్ ఐడీకి చిక్కకుండా ఉండేందుకే ఈ పని. అయినా ఆ సదుపాయం పెద్ద మ్యూజిక్ కంపెనీల్లాంటి వాళ్లకే ఇస్తారు, మాలాంటి చిన్న ఛానెళ్లకు ఇవ్వరు. మా వీడియోల దొంగ కాపీలను మేమే ఒక్కొక్కటిగా వెతికి పట్టుకోవాలి. పగలు పనులకు పోయి రాత్రిళ్లు ఫోన్ పట్టుకుని అదే చేశాం. ఒకటి తీయిస్తే ఇంకో పేరుతో మళ్లీ వచ్చేది.

అక్కడితో ఆగినా ఓర్చుకునేవాళ్లం. డీజే మిక్స్ చేసే ఒక ఛానెల్ మా గొంతుకు బీట్లు కలిపి, పాట తమదేనని ఎక్కించుకుని, చివరికి మేమే దొంగిలించామని యూట్యూబ్‌కు ఫిర్యాదు చేసి మా మీదే కాపీరైట్ స్ట్రైక్ వేయించింది. మూడు స్ట్రైకులు పడితే ఛానెలే పోతుంది. ఏళ్ల తరబడి పెట్టిన పాటలన్నీ దానితోపాటే పోతాయి. ఆ భయంతో, ఆ ఫిర్యాదు తప్పని యూట్యూబ్‌కు కౌంటర్ నోటీసు పెట్టాం. పెట్టాక తెలిసింది, అందులో రాసిన మా పేరు, ఇంటి అడ్రస్ ఫిర్యాదు చేసిన వాళ్లకు వెళ్తాయని. వాళ్లెవరో మాకు తెలియదు, మా ఇల్లెక్కడో వాళ్లకు తెలుసు. ఆ సంగతి వినగానే పాట పాడిన అమ్మాయి తండ్రి, “ఇక చాలు బిడ్డా, చదువుకో” అని ఆమెను మాన్పించాడు. ఆ గొంతు మాకు మళ్లీ దొరకలేదు. ఇలాంటి పాటకు ఆదాయం వచ్చేది మొదటి కొన్ని వారాల్లోనే. గొడవ తేలేసరికి వినేవాళ్లు వేరే పాటకు వెళ్లిపోయారు. అప్పు అలాగే ఉంది.

ఈ కథంతా ఠాణాలో చెప్పాం. ముందు కాపీరైట్ సర్టిఫికెట్ ఉందా అని అడిగారు. లేదు సార్. పాట రాసి రికార్డు చేసిన క్షణంలోనే హక్కు పుడుతుందని, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదని చట్టం తెలిసినవాళ్లందరూ చెబుతున్నారు. దొంగతనం జరిగిందని చెప్పుకోవడానికి వెళితే, ఇల్లు నీదేనని కాగితం తెచ్చాకే మాట్లాడమన్నట్టుంది. రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు పెట్టుకున్నా, అభ్యంతరాల కోసమే 30 రోజులు ఆగాలి. సౌండ్ రికార్డింగ్‌కు 2,000 రూపాయల ఫీజు. నెలకు రెండు మూడు పాటలు తీసే మాకు అది చిన్న మొత్తం కాదు.

తర్వాత అన్న మాట ఇంకా బాధ పెట్టింది. “జానపదమే కదా, దానికి ఓనరెవరు?” అన్నారు. నాట్ల పాట ఊరందరిదీ, అందులో మాకు పేచీ లేదు. దాన్ని ఎవరైనా పాడుకోవచ్చు, పాడాలి కూడా. పాత పాట తీసుకున్నప్పుడు అది ఏ ఊళ్లో ఏ అవ్వ దగ్గర నేర్చుకున్నామో మేం వీడియో కిందే రాస్తాం. కానీ మా అమ్మాయి గొంతు, మా వాళ్లు రాసిన చరణాలు, మేం వాయించుకున్న సంగీతం, మేం తీసిన వీడియో ఊరుమ్మడివి కావు. సౌండ్ రికార్డింగ్‌కు చట్టం విడిగా 60 ఏళ్ల హక్కు ఇచ్చింది. ఈ తేడా ఠాణాలో ఉన్నవాళ్లకు ఎవరైనా చెప్పారా? చివరికి 1930కి ఫోన్ చేయమన్నారు. చేశాం. అది బ్యాంకు ఖాతాల్లోంచి డబ్బు కొట్టేసే మోసాల కోసం పెట్టిన నంబరు. మా ఫిర్యాదుకు అక్కడ చోటు లేదు.

కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ కింద నేరం కాగ్నిజబుల్ (అంటే పోలీసులు వారెంటు లేకుండానే అరెస్టు చేయొచ్చు), నాన్ బెయిలబుల్ (బెయిలు హక్కుగా దొరకదు) అని 2022 మేలో సుప్రీంకోర్టు నిట్ ప్రో కేసులో తేల్చింది. ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల జరిమానా ఉన్నాయి. 64వ సెక్షన్ ప్రకారం ఎస్సై స్థాయి అధికారి వారెంటు లేకుండానే దొంగ కాపీలు స్వాధీనం చేసుకోవచ్చు. ఇదంతా తెలుగులో ఒక పేజీ రాసుకుని తీసుకెళ్లి ఇచ్చాం. కాగితం తీసుకున్నారు, కేసు రాయలేదు. సినిమా దొంగలను పట్టుకోవడానికి పనికొచ్చిన చట్టమే ఇది. మా దగ్గరికి వచ్చేసరికి సివిల్ మ్యాటర్ ఎలా అయిందో మీరే చెప్పండి.

సినిమా కోసం 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించారు. నిర్మాణ ఖర్చులో 5 శాతం వరకు జరిమానా పెట్టారు. సెన్సార్ బోర్డు కార్యాలయాల్లో పైరసీ ఫిర్యాదులు తీసుకునే నోడల్ అధికారులను పెట్టి 48 గంటల్లో చర్య అన్నారు. మంచిదే. కానీ మా పాటకు సెన్సార్ సర్టిఫికెట్ ఉండదు. సినిమావాళ్ల సంఘమైన ఫిలిం ఛాంబర్‌లో పైరసీని చూసుకోవడానికి ప్రత్యేకంగా ఒక విభాగం ఉంది. మా తరఫున ఠాణాకు ఫోన్ చేసేవాళ్లు ఎవరూ లేరు. 2016లో దేశంలోనే మొదటిదని చెప్పి తెలంగాణలో మేధో సంపత్తి నేరాల విభాగం ప్రారంభించారు. పేపర్లో చదివి మేం ఎంతో సంబరపడ్డాం. ఇప్పుడు ఆ పేరు చెబితే మేం వెళ్లిన ఠాణాలో ఒక్కరికీ తెలియలేదు. పల్లెటూరి మనిషి దాన్ని ఎక్కడ వెతుక్కోవాలి సార్?

వార్తల గురించి కూడా చెప్పకుండా ఉండలేం. మా సంగతి తీసుకుని ఒక విలేకరి దగ్గరికి వెళితే ఆయన ఓపిగ్గా విన్నాడు, పై నుంచి మాత్రం “ఇందులో పెద్ద పేరేముంది” అన్నారట. అరెస్టు రోజు గంటల కొద్దీ లైవ్ వస్తుంది. సైట్ పేరు వందసార్లు వినిపిస్తుంది, అంతకుముందు తెలియని వాళ్లకు కూడా తెలిసేలా. పట్టుబడిన మనిషిని సోషల్ మీడియాలో హీరోను చేసేశారు. పేదవాడికి ఉచితంగా సినిమా చూపించాడని పొగిడారు. ఆ పేదవాళ్లలో మా డాన్సర్లు, మా డోలక్ తాత కూడా ఉన్నారని ఒక్క చర్చలోనైనా ఎవరూ అనలేదు. ఆ తర్వాత కేసు ఎంతవరకు వచ్చిందో, చార్జిషీటు పడిందో లేదో, ఎవరికైనా శిక్ష పడిందో ఏ పేజీలోనూ మాకు కనబడలేదు. వేల కోట్ల నష్టం లెక్క మాత్రం మళ్లీ మళ్లీ వస్తుంది. దానికి పక్కన, ఈ చట్టం కింద ఏ జిల్లాలో ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి, ఎన్నింటికి ఎఫ్‌ఐఆర్ అయింది, ఎన్నింటికి శిక్ష పడింది అన్న లెక్క కూడా వేయించండి. ప్రభుత్వం ఇస్తే పేపర్లవాళ్లు వేస్తారు.

పోలీసులు మీ శాఖ కిందికి రారని మాకు తెలుసు. కానీ పైరసీ మాట వచ్చినప్పుడు సినిమావాళ్లు వచ్చేది మీ శాఖ దగ్గరికే. ఆ తలుపు మాకూ తెరవమని వేడుకుంటున్నాం. మీ మాట హోం శాఖలో వింటారు, మా మాట ఠాణా గుమ్మం దాటడం లేదు. జిల్లాకొక అధికారిని ఈ పనికి పెట్టించండి. ఆయన ఫోన్ నంబరు ప్రతి ఠాణాలో గోడ మీద రాయించండి. సర్టిఫికెట్ లేదని ఫిర్యాదు వెనక్కి పంపొద్దని ఒక సర్క్యులర్ ఇప్పించండి. పైరసీ మీద సమావేశం పెట్టినప్పుడు పెద్ద నిర్మాతల పక్కన మా వాళ్లలో ఒకరికైనా కుర్చీ వేయించండి. ఇవన్నీ ఒక్కసారిగా కావంటే కనీసం మా ఫిర్యాదుకు ఒక నంబరు ఇప్పించండి సార్, రశీదు ఇప్పించండి. కేసు కాదంటే ఎందుకు కాదో కాగితం మీద రాసిమ్మనండి. ఆ కాగితం పట్టుకుని కోర్టుకే పోతాం.

ఇట్లు,
నల్లగొండ, పాలమూరు పల్లెల జానపద పాటల బృందం