గ్రంథాలయంలో నెలకో సాయంత్రం కావాలి

సంపాదకులకు నమస్కారం.

నేను ముప్ఫై ఒక్క ఏళ్లు పోస్ట్‌మాన్‌గా పనిచేసి రిటైరయ్యాను. సాయంత్రం 4 గంటలకు మా శాఖా గ్రంథాలయం తలుపు తీసేసరికి గుమ్మం దగ్గర ఉంటాను. మీ పేపరు అక్కడే చదువుతాను. కిందటి నవంబరులో అక్కడ జరిగిన ఒక సాయంత్రం గురించి మీకు రాయాలని అప్పటి నుంచీ అనుకుంటున్నాను.

14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు. ఎప్పటిలాగే వ్యాసరచన, ముగ్గుల పోటీలు పెట్టారు. నాలుగో రోజు మా లైబ్రేరియన్ గారు పక్క ఊరి నుంచి ఒక పెద్దాయనను పిలిపించారు. ఒకప్పుడు బుర్రకథ దళంలో వంత పాడిన మనిషి. ఆ దళం ఇప్పుడు లేదు. వంతలు వాయించే డోలు, ఒక్క గుమ్మెట పట్టుకుని వచ్చి, "కథ చెప్పలేను గానీ, కథ ఎట్లా చెబుతారో చెబుతాను" అన్నారు. కథకుడి తంబురా, చేతికి అందెలు, పక్కన ఇద్దరు వంతలు, ఒకరిది హాస్యం, ఒకరిది రాజకీయం. ఎవరెప్పుడు అందుకోవాలో వాయించి మరీ చూపించారు.

పిల్లలు కుర్చీలు వదిలి ఆయన చుట్టూ చేరారు. ఆరో తరగతి పాప ఒకతి, "తాతా, మధ్యలో కథ మర్చిపోతే?" అని అడిగింది. "అందుకే కదమ్మా మేమున్నది! ఆయనకు గుర్తొచ్చేదాకా తందాన తాన అని లాగుతూ ఉంటాం" అన్నారు. డీఎస్సీకి చదువుకునే కుర్రాళ్లు కూడా గైడ్లు మూసి వచ్చి వెనక నిలబడ్డారు. లైబ్రేరియన్ గారు అప్పుడే బీరువా తీసి, జానపద కళల పుస్తకాలు నాలుగు బల్ల మీద పెట్టారు. ఒక పుస్తకం తేదీల చీటీ చూస్తే చివరి ముద్ర పడి తొమ్మిదేళ్లయింది. ఆ సాయంత్రం నాలుగూ ఇళ్లకు వెళ్లాయి.

డిసెంబరులో మళ్లీ పెట్టండి అని అడిగాను. కార్యక్రమాలకు డబ్బు వారోత్సవాలకే వస్తుందట. ఆ రోజు ఆటో ఖర్చూ, శాలువా లైబ్రేరియన్ గారే, ఆవిడ చేతి డబ్బుతో పెట్టుకున్నారు. నెలకొక కార్యక్రమానికి అనుమతి ఇవ్వమని పై ఆఫీసుకు రాసి నాలుగు నెలలు దాటింది, జవాబు లేదు. ఉత్తరం కోసం గుమ్మంలో నిలబడి ఎదురుచూసే మనుషుల్ని నా సర్వీసంతా చూశాను. ఇప్పుడు ఆవిడ ముఖంలో అదే కనిపిస్తోంది.

ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు అందరం కడుతున్నాం. అందులోంచి ప్రతి శాఖకూ నెలకు ఒక చిన్న మొత్తం కేటాయించి, దాన్ని ఖర్చుపెట్టే అధికారం లైబ్రేరియన్‌కే ఇవ్వాలి. వచ్చే కళాకారుడికి శాలువాతో సరిపెట్టకుండా కూలి గిట్టేంత డబ్బు ఇవ్వాలి. తోలుబొమ్మలు ఆడించేవాళ్లు, మగ్గం మీద అంచు తీర్చే నేతన్న, గుడి గోడ మీది శాసనం చదివి చెప్పగల మాస్టారు, ఇలాంటివాళ్లు ప్రతి మండలంలోనూ ఉంటారు. పిలిస్తే వస్తారు.

నేను గొంతెమ్మ కోరికేమీ కోరడం లేదు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది. దాన్ని ముందుండి నడిపిన అయ్యంకి వెంకటరమణయ్య గారూ ఆయన తోటివాళ్లూ గ్రంథాలయ యాత్రలని ఊరూరా తిరిగారు. 1935లో పాతూరి నాగభూషణం గారు కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలువలో పడవ మీద పుస్తకాలు తిప్పారు. జనం ఉన్న చోటికి గ్రంథాలయమే వెళ్లిన నేల ఇది. యునెస్కో 1994 నాటి పబ్లిక్ లైబ్రరీ మేనిఫెస్టోలోనూ మౌఖిక సంప్రదాయానికి అండగా నిలవడం, ప్రదర్శన కళలను అందరికీ అందించడం గ్రంథాలయం పనుల్లో ఉన్నాయని లైబ్రేరియన్ గారే చూపించారు.

ఆ పెద్దాయనకు ఈ ఏడాది ఎనభై నిండుతాయి. మొన్న సంతలో కనిపించి, మళ్లీ ఎప్పుడు రమ్మంటారని అడిగారు. నవంబరు దాకా ఆగమని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ పోస్ట్‌మాన్, శాఖా గ్రంథాలయ పాఠకుడు