ఉప్పు తగ్గించమని చెప్పింది చాలు, ఉప్పు మార్చి చూడండి: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం.

నేను విజయవాడ సత్యనారాయణపురంలో కర్రీ పాయింట్ నడుపుతాను. డాక్టర్ని కాదు, బీఎస్సీ చదివి కూరలు అమ్ముకునేవాణ్ణి. కానీ మా పేటలో అరవై దాటినవాళ్ళు మధ్యాహ్నం ఏం తింటున్నారో మీ శాఖలో ఎవరికన్నా నాకే బాగా తెలుసు, ఎందుకంటే వండేది నేనే. పిల్లలేమో అమెరికాలోనో బెంగళూరులోనో ఉంటారు, ఇక్కడ మిగిలేది ఇద్దరు ముసలాళ్ళు, ఇద్దరి కోసం నాలుగు రకాలు చేసుకునే ఓపిక ఉండదు, అన్నం ఒక్కటి కుక్కర్లో పడేసుకుని పప్పు, కూర, సాంబారు నా దగ్గర కట్టించుకుపోతారు. నడవలేనివాళ్ళకి క్యారియర్ పంపిస్తాను. వీళ్ళలో బీపీ లేనివాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. స్టెంట్లు వేయించుకున్నవాళ్ళు ఉన్నారు. పక్షవాతం వచ్చాక ఎడంచేత్తో తినడం నేర్చుకున్న మాస్టారు ఉన్నారు. కీమో అయ్యి నోరు పూసి పెరుగన్నం తప్ప ఇంకేదీ మింగలేని పెద్దావిడ ఉన్నారు.

ఆస్పత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు వీళ్ళ చేతిలో ఒక డైట్ చార్టు పెడతారు. ఒక పెద్దాయన ఆ కాగితం తెచ్చి నా కౌంటర్ మీద పరిచి, "ఇందులో నీ దగ్గర ఏమన్నా ఉన్నాయా అబ్బాయ్" అని అడిగారు. ఓట్స్, ఆలివ్ నూనె, బాదం, బ్రకోలీ, ఉప్పు తక్కువ. ఆ పూట నా ట్రేల్లో ఉన్నవి దోసకాయ పప్పు, గుత్తి వంకాయ, బెండకాయ వేపుడు, గోంగూర పచ్చడి. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని గోంగూర కట్టమన్నారు. నేను కట్టాను. ఇంకేం చెయ్యను చెప్పండి.

ఆ ఆలివ్ నూనె, ఆ బాదం చార్టులోకి ఊరికే రాలేదు. స్పెయిన్‌లో 55 నుంచి 80 ఏళ్ళ మధ్య వయసున్న 7,447 మందిని తీసుకుని ఏళ్ళ తరబడి చేసిన ప్రిడిమెడ్ అనే అధ్యయనం 2013లో వచ్చింది, ఆ తిండి తిన్నవాళ్ళలో గుండెపోటు, పక్షవాతం లాంటివి దాదాపు 30 శాతం తక్కువ అని తేల్చింది. మంచి పనే. మీకు ఉపయోగపడే ముచ్చట ఒకటి అందులో ఉంది. ఎవరికి ఏ తిండి అనేది మనిషి మనిషికీ చీటీ తీసి నిర్ణయించాలి కదా, ఒకచోట అలా చెయ్యకుండా మొత్తం క్లినిక్కుకే ఒకే రకం ఇచ్చేశారు. పక్కింటికి ఆలివ్ నూనె డబ్బా వచ్చి మనింటికి రాకపోతే ఊళ్ళో ఊరుకుంటారా, స్పెయిన్ అయినా పెదకాకాని అయినా మనుషులు మనుషులే. ఆ లోపం, ఇంకా ఒకటి రెండు బయటపడ్డాక 2018లో ఆ పేపరు వెనక్కి తీసుకుని, లెక్కలు మళ్ళీ చేసి తిరిగి అచ్చువేశారు. ఫలితం దాదాపు అదే వచ్చింది. తప్పు దాచిపెట్టకుండా దిద్దుకున్నారు కాబట్టే ఇవాళ దాన్ని నమ్ముతున్నాం. సరే, అది వాళ్ళ తిండి, వాళ్ళ ఒళ్ళు. మన అన్నం, మన చింతపండు, మన ఆవకాయ మీద అంత పెద్ద పరీక్ష ఏదని మా అమ్మాయిని వెతకమన్నాను. నర్సింగ్ చదువుతోంది లెండి, ఇంగ్లిషు పేపర్లు తనే చదివి పెడుతుంది. చేతికి దొరికినవన్నీ స్పెయిన్, అమెరికా, చైనా.

ఇక ఉప్పు సంగతి. రోజుకి 5 గ్రాములు, అంటే దాదాపు ఒక టీస్పూను మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మన దగ్గర ఆ చెంచా ఎక్కడ సరిపోతుంది? మీరు ఆస్పత్రి గోడల మీద "ఉప్పు తగ్గించండి" అని రాయిస్తారు, డాక్టరు నోటితో చెబుతారు, డల్లాస్ నుంచి కొడుకు ఫోన్ చేసి "అంకుల్, మా నాన్నకి ఉప్పు తక్కువ వేసి పంపండి" అని నాకే చెబుతాడు. వేస్తాను. ఏమవుతుంది? ఆయన పప్పు నోట్లో పెట్టుకుని చప్పగా ఉందని జాడీ మూత తీసి ఆవకాయ బద్ద రెండు వేసుకుంటారు, పైన మజ్జిగ మిరపకాయ నంజుకుంటారు. పప్పులో నేను తగ్గించిన దానికి రెండింతలు లోపలికి పోతుంది. అందరికీ తగ్గించి వండానంటే గిరాకీ మొత్తం పక్క వీధి పాయింటుకి పోతుంది, అది వేరే కథ.

చైనాలో సరిగ్గా ఇదే చూశారు. అక్కడి 48 వృద్ధాశ్రమాల్లో రెండు పద్ధతులు పెట్టి రెండేళ్ళు నడిపారు, 2023లో ఫలితాలు వచ్చాయి. కొన్ని వంటిళ్ళకి ఇచ్చే ఉప్పు కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ పోయారు. కొన్నిటికి మామూలు ఉప్పు ఆపేసి, సోడియం కొంత తీసేసి ఆ మేరకు పొటాషియం కలిపిన ఉప్పు ఇచ్చారు. తగ్గించినచోట బీపీలో చెప్పుకోదగ్గ తేడా ఏమీ రాలేదు. ఉప్పు మార్చినచోట పై నంబరు సగటున 7 పాయింట్లు దిగింది, గుండెపోట్లు, పక్షవాతాలు 40 శాతం తగ్గాయి. నాకైతే ఇది చదివి నవ్వొచ్చింది, కూరలమ్మే ఎవర్ని అడిగినా మొదటి సగం చెప్పేవాళ్ళు.

అంతకుముందే, 2021లో, ఉత్తర చైనాలో 600 పల్లెల మీద చేసిన ఇంకా పెద్ద పరీక్ష ఫలితాలు వచ్చాయి. దాదాపు 21,000 మంది, సగటు వయసు 65, అందరూ పక్షవాతం ఒకసారి వచ్చినవాళ్ళో, అరవై దాటి బీపీ ఉన్నవాళ్ళో. అక్కడ మనిషి మనిషికీ చీటీ తియ్యలేదు, ఊరు ఊరికీ తీశారు. సగం ఊళ్ళకి మామూలు ఉప్పు, సగం ఊళ్ళకి 75 పాళ్ళు మామూలు ఉప్పు, 25 పాళ్ళు పొటాషియం ఉప్పు కలిపినది. దాదాపు అయిదేళ్ళకి పక్షవాతాలు 14 శాతం, మరణాలు 12 శాతం తగ్గాయి. 2025 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఇలాంటి ఉప్పు వాడుకోవచ్చని, అయితే కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకీ, గర్భిణులకీ, పిల్లలకీ ఇది వర్తించదని సలహా ఇచ్చింది.

మరి ఇంకేం, రేపే రేషన్ షాపుల్లో ఇచ్చేద్దాం అంటారేమో. వద్దండీ. తొందరపడొద్దు. చైనాలో చేసినట్టే ముందు మన ఊళ్ళల్లో ఈ ఉప్పు మీద పరీక్ష పెట్టి చూడండి, నేను అడిగేది అదే.

మన ఎన్టీఆర్ జిల్లాలోనే ఎ.కొండూరు మండలం ఉంది. అక్కడి తండాల్లో కిడ్నీ జబ్బుల సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు, ఆ ఊళ్ళకి కృష్ణా నీళ్ళ కోసం ఎన్ని ప్రభుత్వాలు ఎన్ని మాటలు చెప్పాయో మీ ఫైళ్ళలోనే ఉంటుంది. పాడైన కిడ్నీ పొటాషియాన్ని బయటికి పంపలేదు, అది రక్తంలో పేరుకుంటే గుండె లయ తప్పి మనిషి ఉన్నట్టుండి పోవచ్చు. చాలామంది వాడే కొన్ని రకాల బీపీ మాత్రలు కూడా పొటాషియాన్ని పెంచుతాయి. చైనా పల్లెల పరీక్షలో తీవ్రమైన కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళని ముందే పక్కన పెట్టారు, ఆశ్రమాల పరీక్షలో రక్తంలో పొటాషియం పెరిగినవాళ్ళు కొందరు కనిపించారు కూడా. తన కిడ్నీ ఎలా ఉందో తనకే తెలియని ముసలాయనకి మనం ఏ ఉప్పు పొట్లం ఇస్తున్నామో చూసుకోవాలి. అందుకే ముందు కిడ్నీ ఎలా పనిచేస్తుందో చెప్పే క్రియాటినిన్ రక్త పరీక్ష, తర్వాతే ఉప్పు.

రెండో చిక్కు మన ఊరగాయ. ఆవకాయ కలిపేటప్పుడు కారం, ఆవపిండి, ఉప్పు గిన్నెతో కొలుస్తారు, కొన్ని ఇళ్ళలో మూడూ సమానం, కొందరు ఉప్పు చేతిని బట్టి అటూ ఇటూ. ఆ ఉప్పు రుచి కోసం ఎంతో, ముక్క ఏడాదిపాటు బూజు పట్టకుండా ఉండటానికీ అంతే. అందులో నాలుగో వంతు పొటాషియం ఉప్పయితే నిలవ ఉంటుందా? చేదు తగులుతుందా? ఇది చైనావాళ్ళు చెప్పలేరు, బాపట్ల ఫుడ్ టెక్నాలజీ కాలేజీవాళ్ళు ఒక్క ఎండాకాలంలో తేల్చి చెప్పగలరు. ఇంకోటి, ఉప్పులో నిలవబెట్టిన తిండికీ కడుపు క్యాన్సర్‌కీ సంబంధం ఉందని జపాన్, కొరియా, చైనా వైపు అధ్యయనాలు చెబుతున్నాయి. రెండు పూటలా ఊరగాయ ఉండే మన ఇళ్ళలో ఆ లెక్క ఏమిటో మనకి తెలియాలి కదా. అయితే క్యాన్సర్ అయిదేళ్ళలో తేలేది కాదు. పరీక్షలో చేరినవాళ్ళ పేర్లు పదిహేను ఇరవై ఏళ్ళపాటు పోకుండా చూసి, ఎవరికి ఏ జబ్బు వచ్చిందో ఆస్పత్రుల రికార్డులతో కలిపి చూడాలి. ప్రభుత్వం మారినప్పుడల్లా పథకం పేరు మార్చుకోండి, మాకేం అభ్యంతరం లేదు, ఆ రిజిస్టరు మాత్రం పారెయ్యకండి.

పరీక్ష ఎందుకు, మంచి తిండని తెలిసినప్పుడు తినమంటే పోలేదా అని మీ ఆఫీసర్లు ఎవరో ఒకరు అంటారు. మంచిదనుకున్నవి ఎన్ని తేలిపోయాయో చూడండి. క్యారెట్‌లో ఉండే బీటా కెరోటిన్ మాత్రలిస్తే సిగరెట్లు తాగేవాళ్ళకి క్యాన్సర్ తగ్గుతుందని ఫిన్లాండ్‌లో 29,133 మంది మగవాళ్ళ మీద చూశారు. 1994లో ఫలితం వస్తే, మాత్ర వేసుకున్నవాళ్ళలోనే ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువగా ఉంది. అమెరికాలో 48,835 మంది ఆడవాళ్ళ మీద కొవ్వు తగ్గించిన తిండిని ఎనిమిదేళ్ళు పరీక్షించారు, గుండె జబ్బులు తగ్గలేదు, రొమ్ము క్యాన్సర్‌లో గట్టిగా చెప్పగలిగిన తేడా రాలేదు. విటమిన్ డి, చేప నూనె మాత్రలూ అంతే, దాదాపు 26,000 మందిలో క్యాన్సరూ తగ్గలేదు, మొత్తంగా గుండెపోట్లు పక్షవాతాలూ తగ్గలేదు. గుండె జబ్బు లేని 70 దాటినవాళ్ళు ముందు జాగ్రత్తగా రోజూ ఆస్పిరిన్ వేసుకుంటే లాభం లేకపోగా రక్తస్రావాలు ఎక్కువయ్యాయని 2018లో తేలింది, 19,114 మంది మీద. (స్టెంటు వేయించుకున్నవాళ్ళు ఇది చదివి మాత్ర ఆపేయకండి బాబూ, మీ సంగతి వేరు, మీ డాక్టర్నే అడగండి.)

ఇలా ఓపిగ్గా తేల్చేవాళ్ళు మన దగ్గర లేకపోతే ఆ ఖాళీలో ఎవరు కూర్చుంటారో మీకు తెలుసు. నేను పైన చెప్పిన పెద్దావిడకి ఎవరో ఫోన్లో వీడియో పంపారు, అన్నం, పాలు, చక్కెర మానేసి కషాయం తాగితే గడ్డ ఎండిపోతుందని. ఆవిడ మానేశారు. పప్పు కూడా వద్దన్నారు. ఒళ్ళు కరిగిపోయి, రక్తం తగ్గి, తర్వాతి కీమో వాయిదా పడింది. ఇప్పుడు ఉడికించిన గుడ్డు, మెత్తటి పెసరపప్పు, ఉప్పూ కారం లేకుండా విడిగా చేసి పంపిస్తున్నాను, తింటున్నారు.

చెయ్యగలిగినవాళ్ళు మనకి లేక కాదు. మంగళగిరిలో ఎయిమ్స్ ఉంది. గుంటూరు మెడికల్ కాలేజీ 1946 నుంచీ ఉంది. ఇక్కడే విజయవాడలో సిద్ధార్థ మెడికల్ కాలేజీ, హెల్త్ యూనివర్సిటీ ఉన్నాయి. గోదావరి జిల్లాల్లో 45 పల్లెల్లో, చనిపోయినవాళ్ళ ఇంటింటికీ వెళ్ళి లక్షణాలు అడిగి కారణం రాసుకున్న అధ్యయనం 2006లోనే అచ్చయింది. మూడో వంతు దాకా చావులు గుండె, రక్తనాళాల జబ్బుల వల్లే అని చెప్పిందీ అదే. అప్పుడు చెయ్యగలిగిన రాష్ట్రం ఇప్పుడు చెయ్యలేదా? ఇప్పుడైతే ఒకటో తారీఖున పెన్షన్ ఇవ్వడానికి సచివాలయం సిబ్బంది ప్రతి పెద్దాయన గడపా తొక్కుతున్నారు, వాళ్ళ వెనకే ఏఎన్ఎం వెళ్ళి బీపీ చూస్తే ఊరంతా లెక్కలోకి వస్తుంది. స్టెంటు వెయ్యడానికి వైద్య సేవ పథకం కింద ఎలాగూ డబ్బు కడుతున్నారు, ఉప్పు పొట్లం దాని ముందు ఎంతండీ.

ఒక్క విషయంలో మాత్రం మొహమాటం లేకుండా చెబుతాను. 2011లో పిడుగురాళ్ళ ఆడవాళ్ళని డబ్బు ఆశ చూపి హైదరాబాద్ తీసుకెళ్ళి వాళ్ళ మీద మందులు పరీక్షించిన వ్యవహారం గుంటూరు వైపు ఇంకా ఎవరూ మర్చిపోలేదు. పరీక్ష అనగానే "మేమేమన్నా ఎలుకలమా" అంటారు, అనడం తప్పు కాదు. కాబట్టి మీరు చేసేది ముందుగా దేశంలోని క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు చెయ్యండి. ఒప్పుకోలు పత్రం తెలుగులో, మామూలు మాటల్లో, పెద్ద అక్షరాల్లో ఉండాలి. వేలిముద్ర వేయించుకునే ముందు చదివి వినిపించాలి, ఇంట్లో ఒకరు పక్కన ఉండాలి. మధ్యలో వద్దంటే పెన్షన్‌కీ రేషన్‌కీ ఢోకా లేదని రాసివ్వాలి. ఫలితం మంచైనా చెడైనా అదే ఊరి రచ్చబండ దగ్గర తెలుగులో చెప్పాలి. ఎవరు ఎంత ఉప్పు తింటున్నారో తేలాలంటే ఒక రోజంతా మూత్రం డబ్బాలో పట్టాలట, మా కస్టమర్లు దానికి ఒప్పుకుంటారా అని మీకు డౌటుంటే నన్ను పంపండి, సగం మందిని నేను ఒప్పిస్తాను, మిగతా సగాన్ని వాళ్ళావిడలు ఒప్పిస్తారు.

ఊళ్ళతో పాటు మాలాంటి కర్రీ పాయింట్లనీ, విజయవాడ, గుంటూరు వృద్ధాశ్రమాల వంటిళ్ళనీ ఇందులో చేర్చండి. మేము ఏ ఉప్పు వేస్తే వందల మంది అదే తింటారు. ఏ పాయింటుకి ఏ ఉప్పో మీరే చీటీ తియ్యండి. తినేవాళ్ళకి ముందే చెప్పి, కిడ్నీ పరీక్ష చేయించుకున్నవాళ్ళకే ఆ కూర కట్టేలా విడిగా ట్రే పెట్టే బాధ్యత నాది. మామిడికాయ వచ్చేలోపు బాపట్లవాళ్ళకి ఒక లెటర్ పెట్టించండి, లేకపోతే ఊరగాయ సంగతి ఇంకో ఏడాది వెనక్కి పోతుంది.

ఇట్లు,
సత్యనారాయణపురం నుంచి ఒక కర్రీ పాయింట్ ఓనరు