కలెక్టర్ గారూ, సూర్యుడి సంగతీ పిల్లి సంగతీ ఒకే అర్జీలో రాస్తున్నా

కోనసీమ జిల్లా కలెక్టర్ గారికి,

నమస్కారమండి. సోమవారం అర్జీల రోజున వద్దామనే అనుకున్నాను గానీ, కౌంటర్ దగ్గర కుర్రాడు "ఏ శాఖండి?" అని అడిగితే ఏం చెప్పాలో తోచలేదు. కరెంటోళ్ళా, మత్స్యశాఖా, పశుసంవర్ధకమా, విపత్తుల విభాగమా? ఇవన్నీ కలిసేది మీ టేబుల్ మీదే. పైగా 2005 విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకి అధ్యక్షులు మీరే. అందుకని మీకే, అందరూ చదివేలా రాస్తున్నాను.

అడిగేది ఒక్కటే. మన జిల్లాకి ఇంతవరకు రాని ప్రమాదాల్నీ, వచ్చి పోతున్నా ఎవరూ రాసి పెట్టని ప్రమాదాల్నీ కూడా లెక్కగట్టించండి. తుఫాను, వరద, ఉప్పెన మనకి కంఠతా వచ్చు. 1996 నవంబరు 6 చూసినవాళ్ళం, వాటికి ప్లాన్లున్నాయి, షెల్టర్లున్నాయి. నేను చెప్పేవి వేరే రెండు. ఒకటి సూర్యుడి నుంచి వచ్చేది, రెండోది పిల్లి పంటి నుంచి వచ్చేది. నవ్వొస్తే నవ్వుకోండి, కానీ చదవడం మాత్రం ఆపకండి.

ముందు సూర్యుడు. సౌర తుఫాను అనగానే యూట్యూబ్ థంబ్‌నెయిళ్ళు గుర్తొస్తాయి, తగలబడుతున్న భూగోళం, పక్కన ఎర్ర బాణం, "రేపటి నుంచి ఇంటర్నెట్ బంద్". ఆ గోల కాదండి నేను చెప్పేది. సూర్యుడు అప్పుడప్పుడూ వేడి కణాల్ని అయస్కాంత క్షేత్రంతో సహా విసురుతాడు. అది మనవైపు వస్తే ఒకటి నుంచి మూడు రోజుల్లో భూమికి తగులుతుంది, మరీ వేగంగా వస్తే 18 గంటల్లోపే. మనుషులకి ఏమీ కాదు, ఒంటికి తెలియను కూడా తెలియదు. కానీ భూమి అయస్కాంత క్షేత్రం గబగబా మారేసరికి పొడవాటి తీగల్లో, పైపుల్లో మనం పెట్టని కరెంటు పుడుతుంది. హైటెన్షన్ లైన్లు రెండు చివర్లా ఎర్త్ అయి ఉంటాయి కదా, ఆ ఎర్త్ దారినే అది ట్రాన్స్‌ఫార్మర్లోకి ఎక్కుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ ఏసీ కోసం చేసింది, ఇది దాదాపు డీసీ. కోర్ తట్టుకోలేదు, మూలుగు పెరుగుతుంది, వేడెక్కుతుంది, అవతల రిలేలు, అంటే లైనుని కాపాడే ఆటోమేటిక్ స్విచ్చులు, ట్రిప్ అవుతాయి.

ఇదంతా జరిగిన సంగతే. 1859 సెప్టెంబరు మొదట్లో వచ్చినదాన్ని కారింగ్టన్ తుఫాను అంటారు. అమెరికాలో, యూరప్‌లో టెలిగ్రాఫ్ ఆపరేటర్లకి షాకులు కొట్టాయి, కొన్నిచోట్ల బ్యాటరీలు పీకేసినా తీగల్లో టెలిగ్రాములు నడిచాయి. మన దేశంలో బొంబాయి కొలాబా పరిశీలనాలయంలో భూమి అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే సూది అమాంతం పడిపోయినట్టు రికార్డుంది. అప్పటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి ఏడేళ్ళు, డెల్టాలో కరెంటు తీగే లేదు కాబట్టి మన ముత్తాతలకి ఏ నష్టమూ లేదు. ఆ తర్వాత 1989 మార్చి 13న కెనడాలోని క్యూబెక్‌లో మొత్తం గ్రిడ్ 90 సెకన్లలో కూలిపోయింది, 60 లక్షల మంది సుమారు 9 గంటలు చీకట్లో, అదీ చలికాలంలో. 2003 అక్టోబరు తుఫానుకి స్వీడన్‌లో మాల్మో ఊరు కాసేపు చీకటైతే, దక్షిణాఫ్రికాలో కొన్ని పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లు తర్వాతి నెలల్లో ఒక్కొక్కటే పాడయ్యాయి. ఈ చివరిది నాకు ముఖ్యం, ఎందుకంటే దక్షిణాఫ్రికా ధ్రువాల దగ్గర ఉన్న దేశం కాదు.

ఉన్నదున్నట్టు చెప్పుకోవాలి, మనం ఉన్నచోట ఈ ముప్పు కెనడా అంత ఉండదు. మనది 16 డిగ్రీల అక్షాంశం. క్యూబెక్ కింద ఉన్నది గట్టి రాయి, కరెంటు భూమిలోకి దిగలేక తీగల్ని పట్టుకుంది. మన కింద ఒండ్రుమట్టి, ఉప్పునీళ్ళు. కాబట్టి రాజోలు సబ్‌స్టేషన్ రేపే పేలిపోతుందని నేను అనడం లేదు. నా భయం ఇంకో దారిలో ఉంది. 2012 జూలై 30, 31 తేదీల్లో ఉత్తర భారతం అంతా చీకటైనప్పుడు, దానికి సూర్యుడితో సంబంధం లేదనుకోండి, మన దగ్గర ఫ్యాను కూడా ఆగలేదు. ఎందుకంటే దక్షిణాది గ్రిడ్ అప్పటికి విడిగా ఉంది. 2013 డిసెంబరు 31న రాయచూరు-షోలాపూర్ లైనుతో దాన్ని మిగతా దేశంతో కలిపేశారు. మంచి పనే, దానివల్ల కరెంటు కొరత తగ్గింది. కానీ ఇప్పుడు ఎక్కడో వెయ్యి కిలోమీటర్ల అవతల పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ కూర్చుంటే దాని కుదుపు వేమగిరి సబ్‌స్టేషన్ దాకా, అక్కణ్ణుంచి మా చెరువుగట్టు దాకా రాదని గ్యారంటీ ఏముందండి?

చెరువుగట్టు అన్నాను కాబట్టి ఆ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. నేను వనామి రొయ్య పెంచుతాను, లీజు చెరువులు. నీళ్ళలో ఆక్సిజన్ పగలు పచ్చనీరు వల్ల బాగానే ఉంటుంది, చీకటి పడ్డాక తగ్గుతూ తగ్గుతూ తెల్లవారుజామున అట్టడుక్కి వస్తుంది. 4 పీపీఎం పైన ఉంటే నిశ్చింత, 3 కిందకి దిగితే టెన్షన్. ఆ టైములో నీళ్ళని చిలికి గాలి కలిపే ఏరియేటర్లు తిరుగుతూనే ఉండాలి. ఆ చప్పుడులోనే నిద్రపోయేవాడికి చప్పుడు ఆగితే మెలకువొస్తుంది, లుంగీ ఎగ్గట్టుకుని టార్చి లైటుతో జనరేటర్ షెడ్డు వైపు పరుగు. లైటు నీళ్ళ మీద వేస్తే రొయ్యలు పైకొచ్చి గట్టువార మీసాలు ఆడిస్తూ కనిపిస్తాయి, అప్పటికే ఆలస్యం అయినట్టు. గంట ఆగితే పంట పోవచ్చు. జనరేటర్ అరగంటకో గంటకో బాగానే పనికొస్తుంది, రెండు రోజులైతే డీజిల్ కావాలి, డీజిల్ కావాలంటే బంకు నడవాలి, బంకులో పంపు నడవాలన్నా కరెంటే కావాలి. ఉప్పలగుప్తం నుంచి భీమవరం దాకా అందరూ ఒకే పూట డబ్బాలు పట్టుకుని బంకుల ముందు నిలబడితే ఏంటి పరిస్థితి? ఇది సూర్యుడి వల్లే రావాలని లేదు, కానీ సూర్యుడి వల్ల వస్తే జిల్లా అంతా ఒకేసారి వస్తుంది.

కరెంటు కాక ఇంకోటుంది, జీపీఎస్. ఇందులో మాత్రం మనం సేఫ్ జోన్‌లో లేం. అయస్కాంత భూమధ్యరేఖ దక్షిణ భారతం కొస మీదుగా పోతుంది, దానికి అటూ ఇటూ ఉన్న ప్రాంతాల్లో సాయంత్రం పొద్దుగూకాక పై వాతావరణంలో ప్లాస్మా బుడగలు పుడతాయి, ఉపగ్రహాల సిగ్నల్ వాటిని దాటి వచ్చేటప్పుడు వణుకుతుంది. సూర్యుడు జోరు మీదున్న ఏళ్ళలో, అదీ మార్చి-ఏప్రిల్, సెప్టెంబరు-అక్టోబరు నెలల్లో ఇది ఎక్కువ. అంతర్వేది, ఓడలరేవు బోట్లవాళ్ళు మొగ, అంటే ఏరు సముద్రంలో కలిసే చోటు, దాటేటప్పుడు ఇసుకమేట ఎక్కడుందో జీపీఎస్‌లో గుర్తు పెట్టుకుని, ఆ గీత మీదే లోపలికి వస్తారు. రాత్రిపూట ఆ గీత కొన్ని మీటర్లు జరిగిందంటే బోటు మేట మీదకెక్కుతుంది. 2024 మే 10, 11 తేదీల్లో 2003 తర్వాత అంత పెద్ద తుఫాను వచ్చింది, లద్దాఖ్‌లో హాన్లే దగ్గర ఆకాశం ఎర్రగా మారింది, అమెరికాలో జీపీఎస్‌తో నడిచే ట్రాక్టర్లు సరిగ్గా విత్తే సమయంలో ఆగిపోయాయి. మనకి అప్పుడు వేట నిషేధం, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా బోట్లన్నీ ఒడ్డునే. అదృష్టం అంతే. ఇప్పుడైతే వరి మీద మందు కొట్టే డ్రోన్లు కూడా జీపీఎస్ మీదే ఎగురుతున్నాయి.

గ్యాస్ పైపుల గురించి ఒక్క ముక్క. 2014 జూన్ 27న మామిడికుదురు మండలం నగరం అనే ఊళ్ళో గ్యాస్ పైపు పేలి ఏం జరిగిందో ఈ జిల్లాలో ఎవరికీ చెప్పక్కర్లేదు. దానికీ సూర్యుడికీ సంబంధం లేదు. కానీ భూమిలోని పైపుకి తుప్పు పట్టకుండా చిన్న వోల్టేజీ పెట్టి కాపాడతారు, సౌర తుఫానులో ఆ వోల్టేజీ అటూ ఇటూ ఊగుతుందని ఉత్తరాది దేశాల్లో కొలిచారు. ఇక్కడ కొలవడానికి పెద్ద ఖర్చేం కాదు, పైపులు వేసినవాళ్ళనే అడగండి.

మరి ఏం చేయమంటావు అంటారా? మనకి లేనిది సైన్సు కాదండి. ఆదిత్య-ఎల్1 2023 సెప్టెంబరు 2న మన శ్రీహరికోట నుంచే వెళ్ళింది, 15 లక్షల కిలోమీటర్ల దూరంలో కూర్చుని సూర్యుణ్ణి చూస్తోంది. అక్కడ తగిలిన గాలి భూమికి రావడానికి అరగంట నుంచి గంట పడుతుంది. గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ వాళ్ళు దశాబ్దాలుగా అయనోస్ఫియర్ అనే ఆ పై వాతావరణం మీదే పనిచేస్తున్నారు, హైదరాబాద్‌లో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) అయస్కాంత క్షేత్రాన్ని కొలుస్తోంది. వాళ్ళకి తెలిసింది ఓడలరేవుకి తెలిసే దారి కావాలి. పిడుగు పడబోతోందని మా ఫోన్లకి మెసేజ్ వస్తుంది కదా, అదే దారిలో తెలుగులో రెండు లైన్లు పంపితే చాలు: ఈ రాత్రి జీపీఎస్ నమ్మి మొగ దాటకండి, జనరేటర్లో డీజిల్ చూసుకోండి. గంట టైము మాకు ఎక్కువే.

బ్రిటన్ వాళ్ళు 2012 నుంచే తమ జాతీయ ముప్పుల పట్టికలో దీన్ని రాసుకున్నారు. మన జిల్లా ప్లాన్‌లో ఒక పేజీ పెట్టించండి. ట్రాన్స్‌కో ఇంజినీరు ఒకరు, మత్స్యశాఖ వాళ్ళు, ఒక శాస్త్రవేత్త, ఒక బోటు సరంగు, మాలాంటి రైతు ఒకరు ఒక పూట కూర్చుంటే ఆ పేజీ తయారవుతుంది. సరంగుని మర్చిపోవద్దు, మీటింగుల్లో ఎప్పుడూ మర్చిపోయేది ఆయన్నే.

ఇక పిల్లి. చెరువు షెడ్డుల్లో పిల్లి ముద్దు కోసం ఉండదండి, డ్యూటీలో ఉంటుంది. మేత బస్తాలకి ఎలుకలు చిల్లులు పెడతాయి, అంతకంటే ఘోరం స్టార్టర్ బాక్సులో వైర్లు కొరికేస్తాయి. ట్రాన్స్‌ఫార్మర్ బాగున్నా, గ్రిడ్ బాగున్నా, ఎలుక వైరు కొరికితే ఏరియేటర్ ఆగాల్సిందే. అందుకే ప్రతి షెడ్డులో పిల్లి.

మా గండుపిల్లి ఇంకో గండుపిల్లితో కొట్లాడి వచ్చింది. పైకి చిన్న పంటిగాటు, అదీ మూసుకుపోయింది. రెండు మూడు రోజులకి దవడ కింద నిమ్మకాయంత వాపు, ముట్టుకుంటే సెగ, చేప పెట్టినా మొహం తిప్పుకుంది. పిల్లి నోట్లో పాశ్చురెల్లా లాంటి బ్యాక్టీరియా మామూలుగానే ఉంటుంది, సన్నటి కోర సూదిమందు ఇచ్చినట్టు దాన్ని చర్మం కిందకి దించేస్తుంది, పైన మూతబడుతుంది, లోపల చీము. ఒక పశువుల ఆసుపత్రికి తీసుకెళ్తే అక్కడాయన "పిల్లికాండి?" అని రెండుసార్లు అడిగారు. గేదె బరువు అంచనా కట్టే టేపుంది, పిల్లిని తూచే కాటా లేదు. చీము తీయలేదు, శాంపిల్ తీయలేదు, చీటీ మీద మాత్ర పేరు రాసిచ్చారు. చివరికి మా మేత కాటా మీదే తూచి, ఫోన్లో ఇంకో డాక్టర్ని అడిగి మోతాదు తెలుసుకున్నాం. గడ్డ పగిలింది, కడిగాం, బతికింది. ఆ ఆసుపత్రి ఆయన్ని నేను తప్పుపట్టను, గేదెలకీ మేకలకీ తయారైన చోట పిల్లిని ఎవరు ఊహిస్తారు?

కానీ మోతాదు చిన్న విషయం కాదు. దూడలకీ కోళ్ళకీ వాడే ఎన్రోఫ్లాక్సాసిన్ పిల్లికి ఎక్కువైతే కళ్ళు పోతాయి. డాక్సీసైక్లిన్ మాత్ర వేసి వెంటనే నీళ్ళు పట్టకపోతే గొంతు గొట్టంలో అతుక్కుని పుండు చేస్తుంది. మనం జ్వరానికి వేసుకునే పారాసిటమాల్ అయితే దానికి విషమే. మందుల షాపులో అడిగి వేసేస్తున్నారు జనం, మంచి మనసుతోనే.

మనుషుల సంగతి కూడా ఇందులో ఉంది. పిల్లి కరిస్తే ఒక్క రోజులో చెయ్యి వాచిపోవచ్చు. గీరితే బార్టొనెల్లా అనే బ్యాక్టీరియా ఎక్కొచ్చు, అది పిల్లి నుంచి పిల్లికి బొచ్చులో ఉండి గెంతే ఫ్లీ పురుగుల వల్ల పాకుతుంది, మనిషికి చంకలోనో మెడలోనో బిళ్ళ కడుతుంది. బిళ్ళ కట్టిన పిల్లాడొస్తే "పిల్లి గీరిందా బాబూ?" అని పీహెచ్‌సీలో అడిగేలా ఒక ముక్క రాయించండి. రేబిస్ బ్యాక్టీరియా కాదు గానీ, కరిచినా గీరినా ఆ టీకా సంగతి మాత్రం ముందు చూడాలి.

మా రొయ్యలో యాంటీబయాటిక్ అవశేషం ఉందేమోనని భీమవరం ల్యాబులో పరీక్ష చేస్తారు, ఎందుకంటే కొనేవాడు యూరప్‌లో ఉన్నాడు, ఒప్పుకోడు. క్లోరాంఫెనికాల్ ఆనవాలు దొరికితే కంటైనర్ వెనక్కొస్తుంది. మరి అదే గట్టు మీద తిరిగే పిల్లి చీములో ఏ బ్యాక్టీరియా ఉంది, ఏ మందుకి లొంగుతోంది, ఏ మందుకి మొండికేసింది అని చూసేవాడు లేడు, కొనేవాడు లేడు కాబట్టి. మందులకి లొంగని బ్యాక్టీరియా చెరువు, షెడ్డు, ఇల్లు అని హద్దు చూసుకోదండి. మండలానికో ఆసుపత్రిలో చిన్న కాటా, చీము శాంపిల్ తీసే పుల్లలు, వాటిని కల్చర్ పరీక్షకి గన్నవరం వెటర్నరీ కాలేజీకి పంపే ఏర్పాటు, వచ్చిన ఫలితాలు రాసే ఒక రిజిస్టరు. 1962 నంబరుకి ఫోన్ చేస్తే వచ్చే పశువుల అంబులెన్సులు ఎలాగూ తిరుగుతున్నాయి, శాంపిల్ డబ్బా వాటిలో పెట్టొచ్చు. ఏడాది రాస్తే మన డెల్టా పిల్లుల్లో ఏముందో తెలుస్తుంది, తెలిశాక పెద్ద ఖర్చు పెట్టాలో వద్దో మీరే తేల్చుకోవచ్చు. ఏమీ లేదని తేలినా నాకు సంతోషమే, సూర్యుడి విషయంలోనూ అంతే.

ఈ అర్జీకి ఒక నంబరు వేయించి, కరెంటు ముక్క ఎవరికి పంపారో, బోట్ల ముక్క ఎవరికి పంపారో, పిల్లి ముక్క ఎవరికి పంపారో కింద రాయించండి చాలు. తర్వాత ఆ ఆఫీసుల చుట్టూ తిరిగే పని మేం చూసుకుంటాం, అది మాకు అలవాటే.

ఇట్లు,
మలికిపురం వైపు నుంచి ఒక రొయ్యల రైతు