రౌటర్ కొనకురా, ఆగు!

ఒరేయ్ మిత్రమా,

నీ ఉత్తరం అందింది. గదిలో ఉన్నది ఒకే ఒక్క ల్యాన్ కేబుల్, అది కాస్తా ల్యాప్‌టాప్‌కి పోయింది, ఫోనూ ట్యాబూ నెట్ లేక పడి ఉన్నాయి, రౌటర్ కొనాలా అని కదా అడిగావు. ఇప్పుడే కొనకు. నీ ల్యాప్‌టాప్ ఆ పని చేసి పెడుతుంది.

విండోస్ 10 అయినా 11 అయినా సెట్టింగ్స్‌లో ‘నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్’ తెరువు. అందులో ‘మొబైల్ హాట్‌స్పాట్’ ఉంటుంది. ఏ కనెక్షన్ పంచాలి అన్నచోట ఈథర్నెట్ (అంటే నీ ల్యాన్ కేబులే), ఎలా పంచాలి అన్నచోట వైఫై పెట్టు. పేరూ పాస్‌వర్డూ మార్చుకుని ఆన్ చేస్తే అయిపోయింది. పాస్‌వర్డ్‌కి కనీసం 8 అక్షరాలుండాలి. నీ పుట్టినరోజు మాత్రం పెట్టకు, నీ సంగతి నాకు తెలుసు! 8 పరికరాల దాకా కలుపుకోవచ్చు. ఈ హాట్‌స్పాట్ స్విచ్ విండోస్‌లోకి 2016లో వచ్చింది. అంతకుముందు విండోస్ 7లో నల్ల తెర మీద కమాండ్లు కొట్టాల్సి వచ్చేది. నెట్ పంచుకోవడమన్నది అసలు 1999లో విండోస్ 98 రెండో ఎడిషన్ నుంచే ఉంది. అందుకే దీనికోసం ఎక్కడెక్కడి సాఫ్ట్‌వేర్లో దించుకోనక్కర్లేదు.

లోపల జరిగేది ఇదీ. ఫోన్ కలవగానే ల్యాప్‌టాప్ దానికి 192.168.137తో మొదలయ్యే ఒక అడ్రస్ ఇస్తుంది. ఫోన్ ఏది అడిగినా తన పేరు మీదే బయటికి పంపి, జవాబు వచ్చాక ఎవరిది వాళ్లకు అందిస్తుంది. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్ అందరి పార్సిళ్లూ తీసుకుని ఫ్లాట్ చూసి ఇచ్చినట్టు. బయటి నెట్‌వర్క్‌కి మామూలుగా నీ ల్యాప్‌టాప్ ఒక్కటే కనబడుతుంది. అలాగని ఆఫీసు కనెక్షన్ అడక్కుండా పంచకు, చాలాచోట్ల ఒప్పుకోరు.

కేబుల్ ఉండటం నీ అదృష్టం. నెట్ వైఫైలోనే వచ్చి, అదే వైఫైలో మళ్లీ బయటికి పోవాలంటే ల్యాప్‌టాప్‌లోని ఒక్క వైఫై రేడియోనే రెండు పనులూ చేయాలి. అప్పుడు స్పీడ్ బాగా పడిపోతుంది. నీకా బాధ లేదు.

ఇక చికాకుల సంగతి. ల్యాప్‌టాప్ నిద్రపోతే హాట్‌స్పాట్ కూడా పోతుంది. కాబట్టి ఛార్జర్ పెట్టి, స్లీప్ ‘నెవర్’ చేసుకో. ఎవరూ కలవకపోతే దానంతటదే ఆగిపోయే ‘పవర్ సేవింగ్’ కూడా ఆపెయ్, లేకపోతే గంటకోసారి లేచి ఆన్ చేస్తూ కూర్చోవాలి. పాత ట్యాబ్‌కి హాట్‌స్పాట్ పేరే కనబడకపోతే హాట్‌స్పాట్ సెట్టింగ్స్‌లోనే బ్యాండ్ (వైఫై తరంగాల శ్రేణి) 2.4 గిగాహెర్ట్జ్‌కి మార్చు. అది గోడలు కూడా 5 గిగాహెర్ట్జ్ కంటే బాగా దాటుతుంది. ఎప్పుడైనా కేబుల్ బదులు డాంగిల్ (సిమ్ వేసి ల్యాప్‌టాప్‌కి గుచ్చేది) డేటా పంచితే ఫోన్లో ఆ కనెక్షన్‌ని ‘మీటర్డ్’, అంటే డేటా లెక్క చూసి వాడాల్సింది, అని పెట్టు. లేదంటే వైఫై దొరికింది కదా అని ఫోన్ అప్‌డేట్లన్నీ దించేసుకుని నీ డేటా ఖాళీ చేస్తుంది.

అన్నీ చేసినా హాట్‌స్పాట్ ఆన్ కానంటే ముందు వైఫై డ్రైవర్ (వైఫైని నడిపించే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసి చూడు. అప్పటికీ మొరాయిస్తే, లేదా నువ్వు ల్యాప్‌టాప్ పట్టుకుని బయటికెళ్లినప్పుడు ఇంట్లో వాళ్లకి నెట్ కావాలంటే, అప్పుడు రౌటరే కొను. ఏది కొనాలో నన్నడిగి కొను.

ఇట్లు
నీ నేస్తం