పాత సామాన్లకు మేము కట్టే ధర, దసరా నుంచి మారుతున్న మా పద్ధతి

బరంపురంలోను, చుట్టుపక్కల గంజాం ఊళ్లలోను ఉంటూ మా దుకాణంలో పాత సామాన్లు అమ్మేవారికి, కొనేవారికి ఈ దసరా నుంచి మేము పాటించబోయే కొత్త పద్ధతిని తెలియజేస్తున్నాము. బీరువాలు, మంచాలు, భోజనాల బల్లలు, కుట్టు మిషన్ల వంటి పెద్ద సామాన్లను అక్కడికక్కడే డబ్బిచ్చి కొనడం బాగా తగ్గించి, వాటిని మీ తరఫున మా దుకాణంలో ఉంచి అమ్మిపెడతాము. అమ్మిన ధరలో నాలుగోవంతు మా వాటాగా ఉంచుకుని, మిగిలినది మీకు చెల్లిస్తాము. కంచు, ఇత్తడి, రాగి పాత్రలకు మాత్రం ఎప్పటిలాగే తూకం వేసి వెంటనే డబ్బిస్తాము.

ఈ మార్పుకు కారణం మీ నుంచి వస్తున్న ఒక ఫిర్యాదు. మాకు సామాను అమ్మినవారు కొన్నాళ్లకు అదే దారిన పోతూ, తమ బీరువా మీద మేము అంటించిన చీటీ చూసి నొచ్చుకుంటున్నారు. "మా ఇంట్లో రెండున్నర వేలకు బేరమాడి పట్టుకొచ్చి, ఇక్కడ నాలుగువేల ఎనిమిది వందలు పెట్టారేమిటి బాబూ?" అని ఒక పెద్దావిడ గుమ్మంలోనే నిలబడి అడిగారు. అది అడగవలసిన ప్రశ్నే కాబట్టి ఆ లెక్కను ఇక్కడ విప్పి చెబుతున్నాము. బీరువాకు ఇచ్చినది 2,500 రూపాయలు. రెండో అంతస్తు నుంచి దించి తెచ్చినందుకు ఇద్దరు మనుషులకు, ట్రాలీకి కలిపి 600. ఒక తలుపు బందు వెల్డింగు చేయించి, తాళం మార్చి, తుప్పు గీకి రంగు వేయించినందుకు 700. అంటే అది అమ్మకానికి నిలబడేసరికే 3,800 రూపాయలయింది. చీటీ మీద ఉన్న ధరకు కొనేవారు మన బజారులో ఇంకా పుట్టలేదు కనుక అది చివరకు 4,400కు పోయింది. మిగిలిన 600 రూపాయల్లోనే అద్దె, కరెంటు, పనివారి జీతం, పన్ను, ఆ బీరువా రెండు మూడు నెలలు ఆక్రమించిన చోటు అన్నీ సర్దుకోవాలి.

పన్ను సంగతి కూడా చాలామంది అడుగుతున్నారు. వాడిన వస్తువుల మీద ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నుకు మినహాయింపు) తీసుకోని వ్యాపారికి జీఎస్టీ మొత్తం అమ్మకపు ధర మీద కాక, కొన్న ధరకూ అమ్మిన ధరకూ మధ్య ఉన్న తేడా మీద లెక్క కడతారు. పై ఉదాహరణలో ఆ తేడా 1,900 రూపాయలు. మేము పెట్టిన ట్రాలీ ఖర్చును, రంగు ఖర్చును అందులోంచి తీసివేయరు. ఇంట్లో వాడుకున్న బల్లనో కుర్చీనో అమ్ముకునే గృహస్థుకు అది వ్యాపారం కాదు కనుక జీఎస్టీ బాధ లేదు. సొంత వాడకానికి ఉంచుకున్న మంచాలు, పాత్రలు, బట్టలు ఆదాయపు పన్ను చట్టం దృష్టిలో మూలధన ఆస్తులు కావు కనుక వాటి మీద వచ్చిన డబ్బుకు ఆ పన్నూ ఉండదు. బంగారు నగలకు, చిత్రపటాలకు, శిల్పాలకు మాత్రం ఈ వెసులుబాటు వర్తించదు. మేము నగల జోలికి వెళ్లము.

కొత్త పద్ధతిలో ముందుగా మా మనిషి మీ ఇంటికి వచ్చి సామాను చూస్తాడు. ఎంతకు పెట్టాలి, ఎంతకు తగ్గితే ఇవ్వవచ్చు అన్న రెండు ధరలను మీ ఎదుటే కాగితం మీద రాసి, ఇద్దరమూ సంతకాలు చేస్తాము. రవాణా ఖర్చు మీదే. మరమ్మతు అవసరమైతే ముందుగా మీకు చెప్పి, మీరు ఒప్పుకుంటేనే చేయించి, రసీదు చూపి మీ వాటాలో మినహాయిస్తాము. అరవై రోజుల్లో అమ్ముడుపోకపోతే ధర తగ్గించడమా, వెనక్కు తీసుకువెళ్లడమా అన్నది మీ ఇష్టం. అదే బీరువా ఈ పద్ధతిలో 4,400కు పోతే మీకు 3,300 వస్తుంది, అందులో రవాణాకు, మరమ్మతుకు 1,300 పోగా చేతికి మిగిలేది 2,000. అంటే అక్కడికక్కడే తీసుకున్న రెండున్నర వేల కంటే తక్కువే! తుప్పు పట్టిన బీరువా ఉన్నవారికి, ఊరు ఖాళీ చేసి వెళ్లే తొందరలో ఉన్నవారికి ఈ పద్ధతి గిట్టదని అందుకే ముందుగా చెబుతున్నాము. మరమ్మతు అక్కరలేని టేకు మంచమో, నడుస్తున్న కుట్టు మిషనో ఉండి, రెండు నెలలు ఆగగలిగినవారికే ఇది లాభం. వెయ్యి రూపాయల లోపు సరుకును ఈ పద్ధతిలో తీసుకోము, దాని లెక్కలు రాసుకోవడానికే మా వాటా చాలదు.

ఎప్పుడు అమ్ముతున్నారన్నది కూడా ధరను బాగా మారుస్తుంది. దసరాకు, సంక్రాంతికి ఇల్లు దులిపినప్పుడు అందరూ ఒక్కసారిగా సామాన్లు బయట పెడతారు, కొనేవారు మాత్రం ఆ రోజుల్లో కొత్త సామాన్ల షాపుల చుట్టూ తిరుగుతుంటారు. ఒంటి మంచాలు, చదువుకునే బల్లలు, చిన్న ఫ్రిజ్‌లు కావలసినవారిలో ఎక్కువమంది ఎంకేసీజీ వైద్య కళాశాల, ఐసర్, బరంపురం విశ్వవిద్యాలయాల దగ్గర గదులు అద్దెకు తీసుకునే విద్యార్థులే కనుక, కాలేజీలు తెరిచే రోజుల్లో వాటికి ఉన్న గిరాకీ మరెప్పుడూ ఉండదు. కూలరును మార్చిలో తెండి. దసరాకు తెస్తే అది వేసవి దాకా మా గోడకు ఆనుకుని ఉండవలసినదే, ఆ నిలవ ఖర్చు చివరకు మీ ధరలోనే కోసుకుపోతుంది.

చెక్క సామానులో టేకుకు ఇచ్చే విలువ పార్టికల్ బోర్డుకు ఎందుకు ఇవ్వరన్నది ఇక్కడివారికి వేరే చెప్పనక్కరలేదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గర తీరం దాటినప్పుడు నీళ్లలో నానిన టేకు మంచాలు నీడన ఆరిన తర్వాత మళ్లీ పనికి వచ్చాయి, పార్టికల్ బోర్డు అలమరలు అంచుల దగ్గర ఉబ్బి, మరలు పట్టు వదిలి, పొరలు పొరలుగా రాలిపోయాయి. అడుగు అంచు కాస్త ఉబ్బినట్లు కనిపించినా మేము అలాంటిదాన్ని ఏ పద్ధతిలోనూ తీసుకోము.

లోహపు పాత్రల విషయంలో మీరు ఎక్కువగా నష్టపోతున్నది వీధిలోకి వచ్చే కబాడీవాలా దగ్గర. అతడు కంచును, ఇత్తడిని ఒకే తక్కెడలో వేసి ఒకే ధర కడతాడు. ఇత్తడి రాగి, జింకుల మిశ్రమం. కంచు రాగి, తగరాల మిశ్రమం. తగరం జింకు కంటే ఎన్నో రెట్లు ఖరీదు కనుక కంచు తుక్కుకు కూడా ఇత్తడి కంటే మంచి ధర పలుకుతుంది. అంచు పట్టుకోకుండా అరచేతిలో ఉంచి వేలి కణుపుతో కొడితే కంచు గిన్నె చాలాసేపు మోగుతుంది, ఇత్తడి మోత తొందరగా ఆగిపోతుంది. పగులు ఉన్న కంచు మాత్రం అసలు మోగదు, కాబట్టి మోగనంత మాత్రాన అది కంచు కాదనుకోవద్దు. శ్రీకాకుళం జిల్లా బుడితి పనివారు చేత్తో కొట్టిన చెంబులు, బెల్లగుంఠ వంకరలు తిరిగే ఇత్తడి చేపలు తుక్కు కింద పోవలసినవి కావు. వాటిని తూకానికి కాక వస్తువుగా అమ్మిపెడతాము. సొట్టలు పడి, అతుకులు వేసిన బిందెలు, గంగాళాలు అయితే మా దాకా మోసుకురానక్కరలేదు. తూకం సరిగా వేసే తుక్కు వ్యాపారి ఇచ్చే ధర కంటే మేము ఒక్క రూపాయి ఎక్కువ ఇవ్వలేము. ఎక్కడ అమ్మినా ఎలక్ట్రానిక్ కాటా మీద తూనికల శాఖ వేసిన ఆ ఏటి ముద్ర ఉందో లేదో చూడండి.

పాత పట్టుచీరల కోసం తిరిగేవారు చీర మొత్తానికి ఒక మాట చెప్పి తీసుకుపోతారు, వారికి కావలసినది జరీలోని వెండి. అసలు జరీలో పట్టుదారం చుట్టూ వెండి తీగ చుట్టి, పైన బంగారు పూత వేస్తారు. పైట చివర వెనుకవైపు వేలాడే ఒక్క పోగును గోటితో గీకితే లోపల ఎర్రటి పట్టుదారం, దాని మీద తెల్లటి వెండి మెరుపు కనిపించాలి. రాగి రంగు కనిపిస్తే అది పూత వేసిన రాగి తీగ, ప్లాస్టిక్ పొరలా ఊడివస్తే దానిలో లోహపు విలువ ఏమీ లేదు. కుంభం అంచు ఉన్న మంచి బరంపురం పట్టుచీర చిరగకుండా ఉంటే జరీ కోసం కాల్పించడం మాకు ఇష్టం లేదు. కట్టుకునేవారు ఇంకా ఉన్నారు, అమ్మిపెట్టగలము.

పిక్చర్ ట్యూబు ఉన్న పాత టీవీలను ఉచితంగా ఇచ్చినా తీసుకోము. ఆ గాజులో సీసం ఉంటుంది, వాటిని పగలగొట్టి రాగి తీసుకునేవారికి ఇవ్వకండి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం నమోదైన రీసైక్లింగ్ సంస్థలకే అవి చేరాలి. గ్యాస్ సిలిండరు గ్యాసు కంపెనీ సొత్తు కనుక దానిని అమ్మడానికి మీకు గాని, కొనడానికి మాకు గాని హక్కు లేదు. పాత ఫోన్లు మేము కొనము. మీరు మరొకరి దగ్గర కొంటే మాత్రం *#06# నొక్కి వచ్చిన ఐఎంఈఐ అంకెను (ఆ ఫోను గుర్తింపు సంఖ్యను) కేవైఎం అన్న మూడు ఇంగ్లీషు అక్షరాల తర్వాత రాసి 14422కు సందేశం పంపి, అది నిషేధిత జాబితాలో ఉందో లేదో చూసుకోండి.

పాత నాణేనికి, ట్రాక్టరు బొమ్మ ఉన్న ఐదు రూపాయల నోటుకు లక్షలు వస్తాయట కదా అని మమ్మల్ని అడుగుతూనే ఉన్నారు. పాత నాణేలు, నోట్ల అమ్మకాల పేరుతో తన పేరు వాడుకుని కమిషన్లు వసూలు చేస్తున్నవారిని నమ్మవద్దని రిజర్వు బ్యాంకు 2021లోనే ప్రకటించింది. ఆన్‌లైన్‌లో మీరే స్వయంగా సామాను అమ్ముకోవడం మంచిదే, మా వాటా కూడా మీకే మిగులుతుంది. కాని డబ్బు పంపుతాము, ఈ క్యూఆర్ కోడు స్కాన్ చేసి పిన్ నొక్కండి అన్నవారు దొంగలే. డబ్బు మన ఖాతాలోకి రావడానికి యూపీఐ పిన్‌తో పని లేదు. పొరపాటున నొక్కినవారు ఆ క్షణమే సైబరు నేరాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయాలి.

సామాను తీసుకునేటప్పుడు మీ గుర్తింపు కార్డు నకలు అడిగితే కొందరు కోపగిస్తున్నారు. దొంగ సొత్తు అని తెలిసి గాని, అలా అనుకోవడానికి కారణం ఉండి గాని తీసుకున్నవారికి భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షను కింద శిక్ష ఉంది. పాతికేళ్లుగా ముఖం తెలిసినవారినైనా అడుగుతాము, నొచ్చుకోవద్దు. బీరువా లాకరును, అరల కింద పరచిన కాగితాలను మీ ఎదుటే తీసి చూపించిన తర్వాతే బండి ఎక్కిస్తాము. ముక్కుపుడకలు, తాకట్టు రసీదులు, ఇంటి దస్తావేజులు ఎక్కువగా దొరికేది అక్కడే.

ఇప్పటికే డబ్బిచ్చి కొన్న సరుకుకు పాత లెక్కే వర్తిస్తుంది. ధరల చీటీలు ఇక నుంచి ఒడియాలోను తెలుగులోను ఉంటాయి, అమ్మిపెట్టే సామాన్ల చీటీ పసుపు రంగులో ఉంటుంది. ఇచ్ఛాపురం, సోంపేట వైపు వారి సామాన్లను చూడడానికి ఆదివారాలు మాత్రమే రాగలము, దారిలో రెండు మూడు ఇళ్లు కలిస్తే ట్రాలీ ఖర్చును అందరికీ పంచి వేస్తాము.