135 చదరపు అడుగుల గుడ్డ వెనక ఉన్నవాళ్లకు

ఈ సీజన్‌లో నేను కొత్త కానపీకి, అంటే కొత్త పారాచూట్ గుడ్డకి, మారడానికి సాయం చేసిన వాళ్లకు నలుగురిలో థాంక్స్ చెప్పుకోవాలని ఇది రాస్తున్నాను. మీ పేర్లు పెట్టొచ్చా అని అడిగితే ముగ్గురూ వద్దన్నారు. కాబట్టి రిగ్గర్ (పారాచూట్లు తనిఖీ చేసి, ప్యాక్ చేసే నిపుణుడు) పెద్దాయన, కోచ్ మేడమ్, డల్లాస్ అన్న అనే రాస్తాను. హ్యూస్టన్ చుట్టుపక్కల జంపులు చేసే వాళ్లకు ఎవరెవరో ఎలాగూ తెలిసిపోతుంది.

స్కైడైవింగ్ పరిచయం లేని మిత్రుల కోసం ముందు కాస్త లెక్క. నా బరువు 155 పౌండ్లు. రిగ్ (పారాచూట్లున్న సంచీ, పట్టీలూ), హెల్మెట్, బట్టలు కలిపి ఇంకో 25 అనుకోండి, మొత్తం 180. దీన్ని పారాచూట్ వైశాల్యంతో, అంటే చదరపు అడుగులతో, భాగిస్తే వచ్చేదే వింగ్ లోడింగ్. 150 సైజు మీద నాది 1.2. 135 మీద 1.33. 120 మీద 1.5. అంకె పెరిగే కొద్దీ కానపీ వేగంగా ఎగురుతుంది, వేగంగా కిందికి దిగుతుంది, చెయ్యి కాస్త కదిపినా గట్టిగా తిరుగుతుంది. పోటీల్లో నీటి మీద స్వూప్ చేసే (దిగేముందు వేగంగా దూసుకుపోయే) వాళ్లు వెలాసిటీ, వాల్కిరీ లాంటి కానపీల మీద వింగ్ లోడింగ్ 2 దాటి ఎగురుతారు. నాకు ఆ ఆశ ఇప్పట్లో లేదు. చేతిలో సేబర్ 2 రకం కానపీ, 150 సైజుది ఉంది. ఇంకాస్త చురుకైనది కావాలనిపించింది, అంతే.

"పెద్దది దొరక్కనా చిన్నది కొంటున్నావు?" అని ఖమ్మం నుంచి అమ్మ ఫోన్లో అడిగింది. నవ్వేశాను. వారం తిరక్కుండా రిగ్గర్ పెద్దాయన కూడా అదే ప్రశ్న అడిగితే మాత్రం నవ్వు రాలేదు.

నా బడ్జెట్‌కి సెకండ్ హ్యాండ్‌లో దొరికింది స్టిలెటో 120. వేరే రాష్ట్రంలో ఉన్న ఒక జంపర్ అమ్ముతున్నాడు. డబ్బు ఇచ్చేముందు చూపించుకోమని పెద్దాయన దగ్గరికే పార్సిల్ పంపించాడు, మంచి మనిషి. ఆ మధ్యాహ్నం పెద్దాయన పక్కన నిలబడి నేర్చుకున్నది ఏ క్లాసులోనూ ఎవరూ చెప్పలేదు. ముందు గుడ్డని వెలుగుకి పట్టి, గాలి నిండే గదుల్ని ఒక్కొక్కటీ చూశారు. తర్వాత పైభాగంలో, ముందు అంచుకు దగ్గరగా, గుడ్డని పెదాలకు ఆనించి గాలి పీల్చి చూశారు. జీరో పొరాసిటీ గుడ్డ కొత్తగా ఉంటే గాలి రాదు. ఇందులోంచి కొంచెం వస్తోంది, అయినా పనికొచ్చే స్థితిలోనే ఉందన్నారు. అసలు సమస్య లైన్లలో, అంటే గుడ్డని మనిషికి కలిపే తాళ్లలో, బయటపడింది.

ఒక్కో లైనుని టేబుల్ చివర కొక్కేనికి తగిలించి, అన్నిటినీ ఒకే బలంతో లాగి, కంపెనీ ఇచ్చే ట్రిమ్ చార్టు (లైన్ల పొడవుల పట్టిక) పక్కన పెట్టుకుని కొలిచారు. అవి స్పెక్ట్రా అనే దారంతో చేసిన లైన్లు. కానపీ తెరుచుకునే ప్రతిసారీ స్లైడర్ (అది ఒక్కసారిగా తెరుచుకోకుండా ఆపే గుడ్డముక్క) రింగులు వాటి మీదుగా రాసుకుంటూ కిందికి జారతాయి. ఆ రాపిడి వేడికి స్పెక్ట్రా కుదించుకుపోతుంది. రాపిడి ఎక్కువగా తగిలేది అంచు లైన్లకి, బ్రేక్ లైన్లకి కాబట్టి అవి ఎక్కువ పొట్టి అవుతాయి, మధ్యవి పెద్దగా మారవు. దాంతో కానపీ ఆకారమే మారిపోతుంది. ఆ స్టిలెటోలో అంచు లైన్లు మధ్య వాటికంటే కళ్లకు కనిపించేంత తగ్గాయి. బ్రేక్ లైన్లు పొట్టి అయితే టాగిల్స్ (బ్రేక్ లైన్లు లాగే పిడులు) పూర్తిగా వదిలేసినా వెనక అంచు కాస్త కిందికి లాగినట్టే ఉంటుంది. ఆ స్థితిలో ముందు రైజర్లు (లైన్లను హార్నెస్‌కి కలిపే పట్టీలు) లాగితే కానపీ కుదుపులు కుదుపులుగా ఎగురుతుంది. వెక్‌ట్రాన్, హెచ్ఎంఏ లైన్లు ఇలా కుదించుకుపోవు, కానీ అవి అరిగి తెగుతాయి, కాబట్టి వాటిని చూసే తీరు వేరు. లైన్లన్నీ మార్పిస్తే ఇది మంచి కానపీయే అన్నారు. అమ్మేవాడికి ఫోన్ చేసి అదే మాట మర్యాదగా చెప్పారు కూడా. ఆయనకూ ఆ సంగతి తెలియదు.

ఆ తర్వాత నా కంటైనర్, అంటే పారాచూట్లు మడిచి పెట్టే సంచీ, తీసుకురమ్మన్నారు. అది 150 కానపీకి కుట్టింది. 120 అందులో వదులుగా కూర్చుంటుంది. సంచీని మూసి ఉంచే క్లోజింగ్ లూప్‌కి తగినంత బిగువు లేకపోతే ఫ్రీఫాల్ మధ్యలో పిన్ను ఊడి, మనం అనుకోని క్షణంలో కానపీ తెరుచుకోవచ్చు. "రిజర్వ్ (అత్యవసరానికి ఉంచే రెండో పారాచూట్) కూడా చిన్నది చేసేస్తే చిన్న కంటైనర్ కొనుక్కోవచ్చు కదా" అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. నాది 160 రిజర్వ్. స్పృహ లేకుండా పడిపోతుంటే ఏఏడీ (రిజర్వ్‌ని తనంతట తానే తెరిచే పరికరం) దాన్ని తెరుస్తుంది. అప్పుడు బ్రేకులు లాగేందుకు మనిషి సిద్ధంగా ఉండడు. అలాంటి ల్యాండింగ్‌ని లెక్కలో పెట్టుకుని ఆ సైజు ఎంచాలి అన్నారు. ఆయన చెప్పిన వాటిలో నేను వాదించకుండా తీసుకున్నది ఇదొక్కటే.

ఏఏడీ ప్రస్తావన వచ్చింది కాబట్టి ఇంకో సంగతి. సైప్రెస్ అనే ఏఏడీలో ఎక్స్‌పర్ట్ రకం సుమారు 750 అడుగుల దగ్గర గంటకు 78 మైళ్లు దాటి పడిపోతుంటే రిజర్వ్ తెరుస్తుంది. చిన్న కానపీ మీద పెద్ద మలుపు కొట్టే స్వూపర్లు కానపీ కిందే ఆ వేగాన్ని అందుకోగలరు. అందుకే వాళ్ల కోసం 102 మైళ్ల పరిమితితో స్పీడ్ రకం ఉంది. నేను ఎగిరే తీరుకి అది అక్కర్లేదని చెప్పి, ఆ ఖర్చు కూడా తప్పించారు. పోయేముందు త్రీ రింగ్ దగ్గర వెనక గుడ్డపట్టీని రెండు బొటనవేళ్ల మధ్య మెలిపెట్టి చూపించారు. బిల్ బూత్ కనిపెట్టిన ఈ ఏర్పాటే కటవే వేళ, అంటే చెడిన కానపీని వదిలించుకునేటప్పుడు, రైజర్లని వదిలేస్తుంది. వాడకుండా ఉంచితే పట్టీ బిరుసెక్కి, అచ్చుపడిన ఆకారంలో ఉండిపోతుంది. నెలకోసారి విప్పి, పట్టీని మెత్తబరిచి, కేబుల్ తుడిచి మళ్లీ పెట్టుకోవాలి. ఇప్పుడు ప్రతి నెలా మొదటి శనివారం హ్యాంగర్‌లో ఆ పని మీద కనిపిస్తాను. తోడు ఎవరైనా కూర్చోవచ్చు.

రిగ్గర్ పెద్దాయన ఇన్స్పెక్షన్‌కి డబ్బులు తీసుకోలేదు. తర్వాత రిజర్వ్ రీప్యాక్ (విప్పి మళ్లీ మడిచిపెట్టే) టైము వస్తే దానికి మాత్రం పూర్తి రేటు వేశారు. న్యాయమే.

ఇక డల్లాస్ అన్న. ఊరు విజయవాడ, ఎగిరేది వాల్కిరీ, మాట్లాడేది తక్కువ. వందేసి జంపులకు వింగ్ లోడింగ్ 0.1 చొప్పున పెంచుకోవచ్చనే లెక్క మన దగ్గర అందరి నోటా ఉంటుంది, కానపీ శిక్షకుడు బ్రయన్ జర్మెయిన్ పేరుతో ప్రచారంలో ఉన్నది. నేను దాన్నే పట్టుకుని ఫోన్ చేశాను. "తమ్ముడూ, అది అంతకు మించొద్దని గీసిన గీత. అక్కడిదాకా వెళ్లి తీరాలని ఎవరన్నారు?" అన్నాడు. సైజు మార్చితే డిజైన్ మార్చొద్దు, డిజైన్ మార్చితే సైజు మార్చొద్దు, రెండూ ఒకేసారి అసలొద్దు అన్నాడు. చెప్పి ఊరుకోలేదు. తన దగ్గర మూలన పడి ఉన్న సేబర్ 2, 135 సైజుది, హ్యూస్టన్ వస్తూ కార్లో పడేసుకొచ్చాడు. సీజన్ మొత్తం వాడుకోమన్నాడు. అద్దె మాట ఎత్తితే వదిన చేత తిట్టిస్తానన్నాడు.

ఆ 135 మీద ఎక్కేముందే కోచ్ మేడమ్ ఒక షరతు పెట్టారు. 150 మీద చెయ్యగలిగినవన్నీ ముందు చేసి చూపించాలి. ఎత్తు పెద్దగా కోల్పోకుండా బ్రేకులతో చదునుగా 90 డిగ్రీలు తిరగడం, ఫ్లేర్ (నేల దగ్గర బ్రేకులు లాగి వేగం తగ్గించడం) మధ్యలో దిశ మార్చడం, అడ్డగాలిలో దిగడం, గాలి లేని రోజున దిగడం, అనుకున్న చోటికి పది మీటర్ల లోపల దిగడం, వెనక రైజర్లతోనే ఫ్లేర్ చెయ్యడం. ఇవన్నీ ముందు 5,000 అడుగుల దగ్గర దిగి, పైన ఖాళీ ఆకాశంలో చేసి, తర్వాతే నేల దగ్గరికి తెచ్చుకోవాలి. కింద స్థలం చాలక అడ్డంకి ఎదురైనప్పుడు కంగారులో టాగిల్ గుంజి మనిషి నేలకు కొట్టుకునే ప్రమాదాలు ఈ క్రీడలో ఎక్కువ. చదును మలుపు చేతికి అలవాటైతే ఆ గుంజుడు రాదని ఆవిడ నమ్మకం. ఆవిడ దగ్గర ఎగిరిన వాళ్లని చూస్తే నాకూ నమ్మకమే.

ఆవిడ చేసిన మేలు ఇంకొకటి ఉంది. నా ల్యాండింగ్ ప్రతిదీ ఎండలో నిలబడి ఫోన్లో తీశారు. 135 మీదకి వచ్చాక, చేతులు రెండూ సమానంగా ఉన్నా, కానపీ ఎడమకి లాగుతోంది. లైన్లు చూశాం, బాగున్నాయి. వీడియోని ఆపి ఆపి చూస్తూ నా నడుము దగ్గర వేలు పెట్టారు. ఎడమ తుంటి కిందికి వాలి ఉంది. నేల మీద హార్నెస్ వేసి కొలిస్తే ఎడమ లెగ్ స్ట్రాప్ కుడిదానికంటే రెండు వేళ్లంత వదులు, బకిల్ దగ్గర పట్టీ జారుతోంది. 150 మీద తెలియని తేడా చిన్న కానపీ మీద మలుపుగా బయటపడింది. పెద్దాయన ఆ పట్టీ సంగతి చూసేశాక కానపీ తిన్నగా ఎగిరింది.

సీజన్ చివర్లో కంపెనీ డెమోగా కటానా 135 తెప్పించుకున్నాను. సైజు అదే, డిజైన్ వేరు, అన్న చెప్పిన మెట్టే. సేబర్‌ని ముందు రైజర్లతో కిందికి దూకిస్తే వదిలిన వెంటనే తనే లేస్తుంది. కటానా చాలాసేపు కిందికే పోతుంది. సేబర్ మీద అలవాటైన ఎత్తులో అదే మలుపు మొదలుపెడితే నేల ముందే వచ్చేస్తుంది. అందుకే కోచ్ మేడమ్ నా పాత ఎత్తులన్నీ కొట్టేసి, చాలా పైనుంచి మొదలుపెట్టించి, కొద్దికొద్దిగా కిందికి దింపించారు. హ్యూస్టన్ ఆగస్టు ఎండలో గాలి పలచబడి కానపీ ఇంకా వేగంగా పోతుంది కాబట్టి వేసవిలో ఆ ఎత్తులకి ఇంకాస్త కలపమన్నారు. డల్లాస్ అన్న కొలరాడోలో 5,000 అడుగుల ఎత్తున ఉన్న డ్రాప్‌జోన్‌కి (జంపులు చేసే స్థలానికి) వెళ్లినప్పుడు అక్కడ వేగం దాదాపు 8 శాతం ఎక్కువ ఉంటుందని లెక్కేసుకుని, మొదటిరోజు మలుపులే కొట్టలేదట. అంత అనుభవం ఉన్న మనిషి అలా ఆగాడని విన్నాక నాకు సగం టెన్షన్ తగ్గింది. చివరికి కొన్నది ఆ కటానా 135.

జంపర్లని విమానాలకి కేటాయించే మానిఫెస్ట్‌లో కూర్చునే అమ్మాయిలకి కూడా థాంక్స్. తక్కువ ఎత్తులోనే నేను దిగేలా విమానం పాస్ అడిగినప్పుడల్లా విసుక్కోకుండా ఇచ్చారు. మామూలు పాటర్న్‌లో దిగే వాళ్లకీ స్వూప్ చేసే వాళ్లకీ స్థలాలు వేరుగా ఉంచే మా డ్రాప్‌జోన్ నియమం మీద గొణిగే వాళ్లు కొందరున్నారు. నాకు మాత్రం ఆ నియమం వల్లే నిశ్చింతగా నేర్చుకునే వీలు దొరికింది. మా ఓట్టర్ విమానం పైలట్‌కి వేరే చెప్పక్కర్లేదు, ఆయన నన్ను గుర్తుపట్టే స్థితికి వచ్చేశాడు.

అన్న సేబర్ 135ని లైన్లు కొలిపించి, శుభ్రంగా ప్యాక్ చేసి పెట్టాను. తిరిగి ఇవ్వబోతే, ఆస్టిన్‌లో మన గుంటూరు కుర్రాడు ఒకడు 150 మీద బాగా ఎగురుతున్నాడు, కోచ్ సరేనంటే వాడికి ఇవ్వు అన్నాడు. బాబూ, ముందు ఆ చదును మలుపులు పూర్తిచేసి రా, కానపీ నా దగ్గరే ఉంటుంది.

మొదటిసారి ఏది చేసినా డ్రాప్‌జోన్‌కి బీరు పెట్టాలనే ఆచారం ప్రకారం నా బాకీ బాగానే పేరుకుంది. వచ్చే శనివారం సూర్యాస్తమయం వేళ జంప్ చేసిన వాళ్లు దిగాక హ్యాంగర్ దగ్గర తీర్చేస్తాను. పెద్దాయన బీరు ముట్టరు కాబట్టి ఆయనకి ఇంటి నుంచి చికెన్ బిర్యానీ. కారం తగ్గించమన్నారు. చూద్దాం.