బస్రా రాతిమీద మన సిపాయిల పేర్లు చెక్కించండి

గౌరవనీయులైన కేంద్ర విదేశాంగ మంత్రి గారికి,

నమస్కారం. ఇరాక్‌లోని బస్రా స్మారకం విషయమై ఈ లేఖ రాస్తున్నాను. మొదటి ప్రపంచ యుద్ధంలో మెసపొటేమియాలో (నేటి ఇరాక్) ప్రాణాలొదిలి, సమాధి జాడ కూడా మిగలని 40,000 మందికి పైగా సైనికుల కోసం 1929లో ఆవిష్కరించిన కట్టడమది. వారిలో అత్యధికులు భారతీయులే. అయినా అక్కడ మన సిపాయిల పేర్లు లేవు. బ్రిటిష్ సైనికులకు హోదాతో నిమిత్తం లేకుండా పేర్లు చెక్కారు. మన రెజిమెంట్ల దగ్గరికి వచ్చేసరికి అధికారుల పేర్లు మాత్రం రాసి, కింద 'ఇతర భారతీయ సైనికులు' ఇంతమంది అని ఒక అంకె వేసి వదిలేశారు.

ఆ స్మారకాన్ని కట్టించిన సంస్థకు, నేటి కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్‌కు, పద్ధతి తెలియక కాదు. అంతకు రెండేళ్ల ముందే, 1927లో, ఫ్రాన్స్‌లోని నవ్ షాపెల్‌లో గుండ్రటి ప్రహరీ మీద 4,700 మందికి పైగా భారతీయుల పేర్లు చెక్కించింది. 1915 మార్చి 10న అక్కడే నేలకొరిగి, బ్రిటన్ అత్యున్నత శౌర్య పతకమైన విక్టోరియా క్రాస్ పొందిన గబ్బర్ సింగ్ నేగి సైన్యంలో అట్టడుగు హోదా అయిన రైఫిల్‌మన్. ఆయన పేరు అక్కడ ఉంది. మెసపొటేమియాలో టైగ్రిస్ నది ఒడ్డున కన్నుమూసిన సిపాయి మాత్రం ఒక అంకెలో కలిసిపోయాడు.

పరాయి ప్రభుత్వం కోసం పోరాడినవాళ్ల గురించి మనకెందుకని కొందరంటారు. ఈ మాట నాకు మింగుడుపడదు. జెండా ఎవరిదైనా, కబురు కోసం ఎదురుచూసిన ఇళ్లు మనవి. మెసపొటేమియాలో పోరాడిన దళాల్లో సైన్యపు ఇంజనీరింగ్ దళమైన మద్రాస్ సాపర్స్ కూడా ఉంది. అందులో తెలుగువాళ్లు తరతరాలుగా పనిచేశారు.

కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషనే ఈ వివక్షను 2021లో ఒప్పుకుని క్షమాపణ చెప్పింది. ఆ కమిషన్‌లోని ఆరు సభ్యదేశాల్లో మనదీ ఒకటి. లండన్‌లోని మన హైకమిషనర్‌కు అందులో స్థానం ఉంది. అంటే మనం అర్జీ పెట్టుకోవలసినవాళ్లం కాదు, అడిగే హక్కున్నవాళ్లం. 2018లో నాటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు గారు ఫ్రాన్స్‌లోని విలేర్ గిస్లాన్‌లో భారత స్మారకాన్ని ఆవిష్కరించారు. ఆ శ్రద్ధ బస్రాకూ దక్కాలి.

ఇరాక్‌లో భద్రతా పరిస్థితులు తేలికైనవి కావని తెలుసు. రాతిపని ఆలస్యం కావచ్చు, నిర్ణయానికి ఆ అడ్డు లేదు. సిపాయిలందరి పేర్లూ బస్రాలో చెక్కాలని కమిషన్ సమావేశంలో భారత్ తరఫున రాతపూర్వకంగా ప్రతిపాదించండి. ఆ పేర్ల జాబితాను భారతీయ భాషల్లోకి మార్పించి, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాలకు పంపించండి. తమ ముత్తాత ఎక్కడ పోయాడో తెలియని కుటుంబాలు అక్కడికి వెళ్లి వెతుక్కుంటాయి.

మీ జవాబు కోసం ఎదురుచూస్తూ,
ఒక పౌరుడు